డ్రైవరు సీటు తిప్పకండి

మా ఆయన ఐలిఫ్ ముప్పై ఒక్క ఏళ్ళు మా లోయలో బస్సు నడిపాడు. రిటైరైన రోజు సాయంత్రం స్టీరింగు ఇంక ముట్టుకోనని నా ముందు ఒట్టేశాడు. ఒట్టు తీసి గట్టున పెట్టడానికి ఏడాది పట్టింది. ఆ మార్చిలో అతని గుండె నరం ఒకటి మూసుకుపోయింది. ఆసుపత్రిలో దాన్ని తెరిచి, లోపల సన్నటి గొట్టం పెట్టి ఇంటికి పంపారు. రెండో వారం తిరక్కుండానే అతను పాత మోటర్‌హోమ్‌ల ప్రకటనలు చూడడం మొదలుపెట్టాడు.

"వెనక మంచం, మధ్యలో పొయ్యి, ముందు స్టీరింగు. ఇల్లూ అదే, బండీ అదే. ఎన్నాళ్ళుంటానో తెలీదు తోరా. ఉన్నన్నాళ్ళు కిటికీ బయట ఏదైనా మారుతూ ఉంటే బాగుంటుంది" అన్నాడు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కొందామన్నాను.

నా భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. మా ఆయనకి నొప్పి చెప్పుకోవడం చేతకాదు. కాలికి మేకు దిగినా "ఏం లేదు" అంటాడు. మార్చిలో అది వచ్చినప్పుడు రాత్రి రెండింటి నుంచి ఆరింటి దాకా వంటగదిలో స్టూలు మీద ఒక్కడే కూర్చున్నాడు, గుండె పట్టుకుని. ఎందుకు లేపలేదయ్యా అంటే, "నీకు పొద్దున్నే బడి వంటశాలలో డ్యూటీ కదా, లేపడం ఎందుకని" అన్నాడు. ఇంకో గంట ఆగి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు నాతో విడిగా చెప్పింది. అప్పటి నుంచి నాకు నిద్రంటే కోడి నిద్రే. అతని ఊపిరి వింటూ పడుకుంటాను. అది కాస్త మారితే లేచి కూర్చుంటాను.

బండిని అమ్మినావిడ పేరు బోర్గిల్డ్. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. లోయకి అవతల కొసన పొలం మధ్యలో ఇల్లు. పద్దెనిమిదేళ్ళ బండి అయినా అద్దంలా తుడిచి ఉంచింది. గిన్నెలూ, కప్పులూ, దుప్పట్లూ అన్నీ బండితోనే ఇచ్చేస్తానంది. 

"హాల్వర్ ఇంక బండెక్కడు" అని ఇంటి కిటికీ వైపు చూసింది. పాపం, భర్త పోయాడు కాబోలు అనుకుని తల ఊపాను. 

తాళంచెవి ఐలిఫ్ చేతిలో పెట్టి కూడా ఆవిడ దాన్ని వదల్లేదు. "ఒక్క మాట. రాత్రి పూట పక్క సీటు ఎంతైనా తిప్పుకోండి. డ్రైవరు సీటు మాత్రం తిప్పకండి."

ఇలాంటి బండ్లలో ముందు సీట్లు రెండూ వెనక్కి తిరుగుతాయి. బండి ఆపాక వాటిని లోపలి వైపుకి తిప్పుకుంటే బల్ల దగ్గర కుర్చీలైపోతాయి. డ్రైవరు సీటు తిరగాలంటే దాని పక్కనుండే హ్యాండ్‌బ్రేకు కిందికి దించాలి. దించకపోతే అడ్డం పడుతుంది.

"అలాగేనండి" అన్నాడు ఐలిఫ్. 

ఇంకో ఊళ్ళో అయితే "ఏం, పాడైందా?" అని అడిగేవాళ్ళు. మా వాళ్ళు అడగరు. చావుకైనా ఇంత భయపడం కానీ, ఎదుటివాళ్ళ సంగతిలో వేలు పెట్టినట్టవుతుందేమోనంటే ఒణికిపోతాం. ఆవిడ చెప్పదలుచుకుంటే చెప్పేది, చెప్పలేదంటే చెప్పదలుచుకోలేదు. అది మా మర్యాద. ఈ మర్యాద తగలబడిపోనూ అని ఇప్పుడు అనుకుంటున్నాను.

జూన్ ఆఖర్లో ఒక శుక్రవారం బయల్దేరాం. దూరం లేదు, గంటన్నర ప్రయాణం. ఒక్క రాత్రి పడుకుని వచ్చేద్దామని. ఎదురొచ్చిన ప్రతి మోటర్‌హోమ్ వాడూ చెయ్యెత్తి పలకరిస్తుంటే ఐలిఫ్ మొహం కొత్త పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. "చూశావా, మనం కూడా వీళ్ళలో చేరిపోయాం" అన్నాడు. చాలా నెలల తర్వాత అతను ఈల వెయ్యడం విన్నాను.

సరస్సు పక్కన కంకర నేల. ఆ కొసన అప్పటికే ఒక బండి ఆగి ఉంది. కాబట్టి మేము ఈ కొసన ఆపుకున్నాం. మధ్యలో రెండు ఫుట్‌బాల్ మైదానాలంత ఖాళీ. ఒకళ్ళ పక్కన ఒకళ్ళు ఆపుకోవడం మా దగ్గర అనాగరికం కింద లెక్క. నీళ్ళు బాగా కనిపించాలని ఐలిఫ్ బండి ముక్కుని సరస్సు వైపు పెట్టాడు. నేల అటువైపు కొద్దిగా వాలుగా ఉంది. 

హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు న్యూట్రల్లో వదిలేశాడు.

"గేరులో ఉంచవా?" అన్నాను.

"బస్సుని గేరులో వదిలేస్తే డిపోలో నవ్విపోతారు. బ్రేకు ఉందిగా."

"ఇది బస్సు కాదుగా. పోనీ చక్రాల కింద చెక్క ముక్కలైనా పెట్టు."

"తాతకి దగ్గులు నేర్పకు పిల్లా. నువ్వు బంగాళదుంపలు ఉడికించుకో, పార్కింగు నాకొదిలెయ్" అన్నాడు. నేను ఒదిలేశాను.

పక్క సీటు తిప్పుకున్నాం. అది తిరుగుతుంటే కిర్రుమని, చివర్లో టక్కుమని పడింది. ఐలిఫ్ అందులో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉడికించిన దుంపలూ, పొగబెట్టిన చేపా, చివర్లో మేకపాల చీజ్ వేసుకుని రొట్టే తిన్నాడు. డ్రైవరు సీటు మాకు వీపు చూపిస్తూ ముందుకే ఉంది. భోజనం మధ్యలో నేను రెండుసార్లు దాని వైపు చూశాను. ఎందుకో చెప్పలేను. తలుపు మూసి ఉన్నప్పుడల్లా బండిలో తడిసిన ఉన్ని వాసన వస్తోంది. మా బట్టలన్నీ పొడిగానే ఉన్నాయి.

ఎండాకాలం ఆ రోజుల్లో మా ఉత్తర దేశంలో చీకటి పడదు. రాత్రి ఒంటిగంటకి కూడా బయట కూర్చుని పేపరు చదువుకోవచ్చు. అందుకని పడుకునే ముందు అన్ని కిటికీలకీ మందపాటి తెరలు దించాం, ముందు అద్దానికి కూడా. అప్పుడు చీకటి వచ్చింది, ఒక్క మా బండిలోనే. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

మంచం బండికి వెనక కొసన ఉంది. గోడ వైపు ఐలిఫ్, ఇవతల నేను. అతని ఊపిరి సమంగా ఉంది. వింటూ వింటూ నిద్రపోయాను.

కిర్ర్...

కళ్ళు తెరిచాను. ఏం కనపడలేదు.

కిర్ర్... కిర్ర్... టక్.

ఆ చప్పుడు ఏమిటో నాకు తెలుసు. సాయంత్రం విన్నదే. ముందు అద్దం తెర అంచు కింద సన్నగా ఒక వెలుగు గీత ఉంది. చూపు కాస్త అలవాటుపడ్డాక ఆ గీతకి అడ్డంగా ఒక ఆకారం కనిపించింది. డ్రైవరు సీట్లో ఎవరో కూర్చున్నారు. మంచం వైపు తిరిగి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని.

"ఐలిఫ్?" అన్నాను మెల్లగా. "నిద్ర పట్టలేదా?"

తడిసిన ఉన్ని వాసన గుప్పుమంది.

"అక్కడెందుకు కూర్చున్నావ్? చెప్పవేం?"

చాలాసేపటికి గొంతు వినిపించింది. గుసగుసే. నిద్రలో అయినా నేను గుర్తుపట్టే మాటలే.

"ఛాతీలో... కాస్త బిగుతుగా ఉంది."

మోచేతి మీద లేచాను. "ఎప్పట్నించి?"

"చాలాసేపైంది... నిన్ను లేపడం ఎందుకని..."

భయం కన్నా ముందు కోపం వచ్చింది. "మళ్ళీ అదే మాటా? నీకెన్నిసార్లు చెప్పాలయ్యా? ఆగు, వస్తున్నా" అంటూ దుప్పటి తొయ్యడానికి చెయ్యి చాపాను.

చెయ్యి వెళ్ళి ఒక భుజం మీద పడింది. వెచ్చటి భుజం. గోడ వైపు తిరిగి పడుకున్న భుజం. 

ఐలిఫ్ నా పక్కనే ఉన్నాడు.

నేను కదల్లేదు. సీట్లో ఉన్నదీ కదల్లేదు. దాని ఊపిరి నాకు వినిపిస్తోంది... లోపలికి వెళ్ళేటప్పుడు సన్నటి ఈల... బయటికి వచ్చేటప్పుడు ఏమీ లేదు.

అప్పుడు బల్ల మీద గ్లాసులో చెంచా గలగలమంది.

ఒకసారి. మళ్ళీ గలగల. మంచం కింద ఎక్కడో కంకర కరకరమంది. ఏం జరుగుతోందో అర్థం కావడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. సీటు తిరిగింది. సీటు తిరగాలంటే బ్రేకు దిగాలి.

బండి కదులుతోంది.

"ఐలిఫ్! లే! బండి జారుతోంది!" అని అతన్ని కుదిపాను. చొక్కా చెమటతో ముద్దయి ఉంది. లేవబోయి, లేవలేక, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"ఏం లేదు... నువ్వు పడుకో" అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు ఇంక ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. మార్చిలో వచ్చిందే మళ్ళీ వచ్చింది.

ముందుకి పరిగెత్తాను. అద్దం మీద తెర పీకి పారేశాను. తెల్లటి వెలుతురు లోపలికి పడింది. ఎదురుగా సరస్సు. మెల్లగా, చాలా మెల్లగా, మా వైపుకి వస్తోంది. సీట్లో ఎవరూ లేరు.

హ్యాండ్‌బ్రేకు పూర్తిగా కిందికి పడి ఉంది. పట్టుకుని లాగాను. నాలుగు వేళ్ళంత లేచి సీటుకి కొట్టుకుని ఆగిపోయింది. తిరిగి ఉన్న సీటు అడ్డం. కాలి బ్రేకు తొక్కుదామంటే సీటు వీపు దానికీ అడ్డమే, కాలు దూరే సందు లేదు. సీటు కింద మీట లాగి తిప్పబోయాను.

తిరగలేదు.

రెండు చేతులతో నెట్టాను. భుజంతో నెట్టాను. బరువుగా ఉంది. సీటు బిగుసుకుపోయినట్టు లేదు. మనిషి కూర్చుంటే ఉండే బరువు అది. అప్పుడు చూశాను... మెత్త మధ్యలో లోతుగా గుంట పడి ఉంది. నేను చూస్తుండగానే ఆ గుంట కొద్దిగా కదిలింది, మనిషి సర్దుకుని కూర్చున్నట్టు.

ముందు చక్రాలు ఒక అంచు దిగాయి. బండి ముక్కు వంగింది. కప్పులు బీరువాలోంచి కింద పడ్డాయి.

"హాల్వర్ గారూ!" అని అరిచాను. "హాల్వర్ గారూ, లేవండి! మీ బోర్గిల్డ్ ఇక్కడ లేదు, ఇంటి దగ్గరుంది. దణ్ణం పెడతాను, లేవండి!"

ఏం లేదు. బరువు బరువుగానే ఉంది.

వెనక నుంచి "తోరా..." అన్నాడు ఐలిఫ్. అంతే, ఆ ఒక్క మాటే. ముప్పై నాలుగేళ్ళలో అతను నన్ను అలా పిలవలేదు. 

కంకర చప్పుడు ఆగి, నీళ్ళ చప్పుడు మొదలైంది.

నేను ఆ సీటు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. మొహం ఎక్కడుంటుందో అక్కడికి చూశాను. ఆ క్షణంలో నాకేం తోచిందో అదే అన్నాను. మార్చి నుంచి నా గుండెలో పెట్టుకున్న మాటలే అవి.

"లేచాను. ఇదిగో, నేనే. నీ పెళ్ళాన్ని. నాకు చెప్పావుగా, విన్నాను. ఇంక నువ్వొక్కడివే కూర్చోనక్కర్లేదు. రా... నాతో రా."

ఈల ఆగిపోయింది.

మెత్త మెల్లగా పైకి లేచింది. చల్లటిదేదో నా చెంపని రాసుకుంటూ వెళ్ళింది. చెయ్యి ఆనించగానే సీటు ఒక్క వేలితో తిరిగిపోయింది. బ్రేకు ఉన్న బలమంతా పెట్టి లాగాను. 

ముందు చక్రాలు సగం నీళ్ళలో ఉండగా బండి ఆగింది.

ఫోనుకి అక్కడ సిగ్నల్ లేదు. ఆ కొసనున్న బండి వాళ్ళని లేపడానికి అంత దూరం పరిగెత్తి వచ్చే టైమూ లేదు. డాక్టరిచ్చిన గుండె మందు స్ప్రే ఐలిఫ్ నాలుక కింద కొట్టాను. అంత పెద్ద బండి నేనెప్పుడూ నడిపినదాన్ని కాదు. ఆ సీట్లోనే కూర్చున్నాను. అది వెచ్చగా ఉంది. రివర్సులో బండిని నీళ్ళలోంచి లాగి, నలభై నిమిషాలు నడిపి పట్నంలో ఆసుపత్రికి చేర్చాను. దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనక్కి చూసే అద్దం వైపు చూడలేదు.

సమయానికి తెచ్చావంది డాక్టరు. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేమంది. మధ్యాహ్నానికి ఐలిఫ్ కళ్ళు తెరిచాడు. మనిషి దక్కాడన్న సంతోషంలో నేను అతన్ని తిట్టని తిట్టు లేదు.

"నొప్పొస్తే లేపుతానని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పావే! ఏమైంది నీ మాట?"

"లేపుదామనే అనుకున్నా తోరా" అన్నాడు నీరసంగా. "కానీ నువ్వు ఎవరితోనో మాట్లాడుతున్నావు. మధ్యలో ఎందుకులే అని..."

ఎవరితో అని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు.

మర్నాడు ఆసుపత్రి వరండాలోంచి బోర్గిల్డ్‌కి ఫోను చేశాను. జీవితంలో మొదటిసారి ఒకళ్ళని నిలదీసి అడుగుదామనే చేశాను. అవతల మగగొంతు పలికింది. బోర్గిల్డ్ ఉన్నారా అండి, మీరెవరు అన్నాను.

"హాల్వర్‌ని. ఆవిడ మొగుణ్ణి. ఆవిడ కోళ్ళకి మేత వేస్తోంది."

మోకాళ్ళు అరిగిపోయి బండెక్కలేకపోతున్నాడట, అంతే. బోర్గిల్డ్ వచ్చి ఫోను అందుకున్నాక సీటు సంగతి అడిగాను.

"మేం కూడా పాతదే కొన్నామమ్మా, ఏడేళ్ళ కిందట. ఉత్తరాన ఒకాయన దగ్గర. సీటు తిప్పొద్దని ఆయనే చెప్పాడు."

"ఎందుకని మీరు అడగలేదా?"

"అడిగితే బాగుండదు కదా."

"మరి మీరున్నప్పుడు... అది తిరిగిందా?"

"మేం బండిలో పడుకోవడం మానేశాం. పక్కన గుడారం వేసుకునేవాళ్ళం." గొంతు తగ్గించింది. "అదేదో అంటూ ఉండేది. ఏదో నొప్పి అని. మేం ఎప్పుడూ పలకలేదు. నువ్వు... దాంతో ఏమైనా మాట్లాడావా అమ్మా?"

"లేదండి" అన్నాను.

ఐలిఫ్ ఇంటికొచ్చి ఇవాళ్టికి ఆరు రోజులు. బాగానే ఉన్నాడు, తింటున్నాడు, నన్ను ఏడిపిస్తున్నాడు. బండి ఆసుపత్రి వెనక పార్కింగులోనే ఉంది, తాళం వేసి వచ్చేశాను. రాత్రిళ్ళు నా పద్ధతి ప్రకారం అతని ఊపిరి వింటూ పడుకుంటున్నాను.

మా ఇళ్ళల్లో బూట్లు గుమ్మం లోపల వసారాలో విప్పుతాం. ఇంటివాళ్ళవి గోడ అరలో పెట్టుకుంటాం. చుట్టంగా వచ్చినవాళ్ళు గడప దగ్గరే విప్పుతారు, వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా ముక్కులు బయటికి పెట్టి. ఎవరూ చెప్పి నేర్పరు, పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మొన్న పొద్దున ఐలిఫ్ బూట్లు గడప దగ్గర ఉన్నాయి. నేనే తీసి అరలో పెట్టాను. నిన్న మళ్ళీ అక్కడే ఉన్నాయి. "ఏంటి, నన్ను సాగనంపుదామనా?" అని నవ్వాడు. నేనే తీసి అక్కడ పెట్టాననుకున్నాడు. మళ్ళీ అరలో పెట్టాను.

ఇవాళ పొద్దున నేనే ముందు లేచాను. అరలో, నా బూట్ల పక్కన, పాత తోలు బూట్ల జత ఒకటి ఉంది. మగవాళ్ళవి, మడమలు అరిగిపోయినవి. మా ఇంట్లో అలాంటివి ఎప్పుడూ లేవు. లేసులు జాగ్రత్తగా లోపలికి దోపి ఉన్నాయి.

ఐలిఫ్ బూట్లు గడప దగ్గర ఉన్నాయి. ముక్కులు బయటికి పెట్టి.